కార్చిచ్చు దత్తాంశాలలో ‘కారణం’: ఒక పాఠవిమర్శ

వ్యాససంగ్రహం:

అడవులు ఎందుకు కాలుతున్నాయన్న ప్రశ్నకు పెద్ద దత్తాంశాల విశ్లేషణ ద్వారా సమాధానం చెప్పే ప్రయత్నాలు గత పదిహేనేళ్లుగా విస్తరించాయి. వాటిలో అత్యధికంగా వినియోగంలో ఉన్న అమెరికా కార్చిచ్చుల దత్తాంశాన్ని తీసుకొని, అందులోని ‘కారణం’ అనే నిలువు వరుసను ఒక లిఖిత పాఠంగా చదవడం ఈ వ్యాసం చేసే పని. ఆ వరుస నిప్పును గురించి ఎంత చెబుతుందో, దానిని నమోదు చేసిన కార్యాలయాన్ని గురించి కూడా అంత చెబుతుందని, ఆ తేడాను గుర్తించని విశ్లేషణ పద్ధతులను తెలుగు రాష్ట్రాల అడవులకు అన్వయిస్తే వాటి భారం అడవిని ఆనుకొని బతికే వారి మీద పడుతుందని ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను.

కీలక పదాలు: కార్చిచ్చు, దత్తాంశం, కారణత, ఉపాధి, పాఠవిమర్శ, ఉపగ్రహ సూచనలు.

1. ఉపోద్ఘాతం

కార్చిచ్చుకు కారణం చెప్పడం మన సాహిత్యానికి కొత్త కాదు. వేసవి వర్ణనలలో వెదుళ్ల రాపిడికి పుట్టిన నిప్పు అడవిని చుట్టుముట్టడం దాదాపు కవిసమయంగా స్థిరపడింది. నేటి అటవీ పత్రాలలో వెదురు కనిపించదు, మనిషి కనిపిస్తాడు. మన దేశంలో కార్చిచ్చులలో 95 శాతం మనుషుల వల్లనే పుడుతున్నాయన్న వాక్యం ఒక నివేదిక నుండి మరొక నివేదికలోకి, అక్కడి నుండి పరిశోధన వ్యాసాల మొదటి పేరాలోకి, తరచూ ఏ ఆధారమూ చూపకుండానే నడిచి వస్తూ ఉంటుంది. వెదురు స్థానంలో మనిషి వచ్చినంత మాత్రాన ఆ వాక్యం కవిసమయం కాకుండా పోయిందా అన్నది అడగవలసిన ప్రశ్న.

దీనికి మన దేశపు దత్తాంశాల నుండి నేరుగా సమాధానం దొరకదు. మనకు నిప్పు ఎక్కడ కనిపించిందో చెప్పే ఉపగ్రహ సమాచారం విస్తారంగా ఉంది గాని, ఎందుకు పుట్టిందో ఒక్కొక్క నిప్పుకు విడిగా నమోదు చేసి అందరికీ అందుబాటులో ఉంచిన జాతీయ స్థాయి పట్టిక లేదు. అటువంటి పట్టిక అమెరికాకు ఉంది. కాబట్టి పరీక్ష అక్కడ మొదలుపెట్టడం న్యాయం.

2. సంకలనం

అమెరికా అటవీ సేవా సంస్థకు చెందిన పరిశోధకురాలు కరెన్ షార్ట్ సంకలనం చేసిన ‘ఫైర్ ప్రోగ్రామ్ అనాలిసిస్ ఫైర్-అకరెన్స్ డేటాబేస్’ ఈ రంగంలో మూలగ్రంథం వంటిది. కేంద్ర, రాష్ట్ర, స్థానిక సంస్థల నివేదికలను ఒకచోట చేర్చి, ఒకే నిప్పుకు రెండు మూడు కార్యాలయాలు రాసిన నివేదికలను పోల్చి, పునరుక్తులను తొలగించి ఆమె దీనిని రూపొందించారు. తాళపత్ర ప్రతులను సేకరించి, పోల్చి, ఒక పరిష్కృత ప్రతిని సిద్ధం చేసే పండితుని పనికి ఇది చాలా దగ్గర. 1992 నుండి 2015 వరకు 24 సంవత్సరాల నివేదికలతో వెలువడిన కూర్పులో 18,80,465 నిప్పుల వివరాలు ఉన్నాయి. ఆ తరువాత వచ్చిన ఒక కూర్పు 2020 వరకు విస్తరించి దాదాపు 23 లక్షలకు చేరింది.

ఈ పరిష్కరణలో పాటించిన నియమం ఒకటి ముఖ్యం. ఒక నివేదికను సంకలనంలో చేర్చుకోవాలంటే దానిలో తప్పక ఉండవలసినవి మూడు: నిప్పును కనుగొన్న తేదీ, కాలిన విస్తీర్ణం, కనీసం ఒక చదరపు మైలు కచ్చితత్వంతో స్థలం. కారణం ఆ మూడింటిలో లేదు. ఉంటే తీసుకున్నారు, లేకపోతే లేదని రాశారు. సంకలనకర్త దృష్టిలో కారణం ప్రధాన పాఠం కాదు, అంచున రాసుకున్న టిప్పణి వంటిది. తరువాత వచ్చిన విశ్లేషకులలో పలువురు ఆ టిప్పణినే మూలంగా తీసుకొని వ్యాఖ్యానాలు రాశారు. నమోదులో సంస్థకు సంస్థకు, కాలానికి కాలానికి ఉన్న తేడాలను, వాటి వల్ల కలిగే పక్షపాతాన్ని షార్ట్ స్వయంగా 2015లో వేరొక వ్యాసంలో వివరంగా చర్చించారు. ఆ హెచ్చరికను చదివిన వారి కంటే పట్టికను దిగుమతి చేసుకున్న వారే ఎక్కువ కావచ్చునని నా అనుమానం.

3. పదమూడు పద్దులు

1992–2015 కూర్పులో కారణాలు పదమూడు పద్దులుగా ఉన్నాయి. చెత్త తగలబెట్టడం 4,29,028, ఇతరములు 3,23,805, ఉద్దేశపూర్వక దహనం 2,81,455, పిడుగు 2,78,468, నమోదు లేనివి లేదా నిర్ణయించనివి 1,66,723, యంత్ర సామగ్రి 1,47,612, విడిది మంటలు 76,139, పిల్లలు 61,167, పొగతాగడం 52,869. తక్కిన నాలుగు పద్దులు రైలుమార్గం, విద్యుత్ తీగలు, బాణాసంచా, భవనాలు.

ఈ సంఖ్యలను కూడికలుగా గాక పాఠంగా చదివితే మొదట కంటబడేది రెండవ స్థానంలోని ‘ఇతరములు’. దానికి నమోదు లేని వాటిని కలిపితే 4,90,528, అంటే మొత్తంలో 26 శాతం. నాలుగింట ఒక నిప్పుకు ఈ గ్రంథంలో నిజానికి కారణమే లేదు.

2017లో జెన్నిఫర్ బాల్చ్, ఆమె సహపరిశోధకులు అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఈ దత్తాంశం మీదనే ఆధారపడింది. 1992–2012 మధ్య కార్చిచ్చులలో 84 శాతం, కాలిన విస్తీర్ణంలో 44 శాతం మనుషులు ప్రారంభించినవేనని, మనుషుల వల్ల నిప్పుల కాలం పిడుగుల కాలం కంటే మూడు రెట్లు పొడవు అయిందని వారు చూపారు. ఎంతో ప్రభావం చూపిన, జాగ్రత్తగా చేసిన పని అది. అయితే 84 అన్న సంఖ్య ఎలా వస్తుందో విప్పి చూడాలి. నమోదు లేనివాటిని లెక్క నుండి తీసివేసి, పిడుగు కానిదంతా, ‘ఇతరములు’ సహా, మనిషిదేనని భావిస్తే 2015 వరకు గల కూర్పులో కూడా 83.75 శాతం వస్తుంది. అలా కాకుండా ఫలానా మానవ కారణమని పేరు పెట్టి రాసిన నిప్పులను మాత్రమే మొత్తం 18,80,465తో భాగిస్తే వచ్చేది 59 శాతం.

నిష్పాక్షికంగా చెప్పాలంటే, ఈ తేడా వల్ల వారి నిర్ణయం కూలిపోదు. కారణం తెలియని నిప్పులన్నీ పిడుగు ఖాతాలో వేసినా పిడుగు వాటా 41 శాతం దాటదు, మనిషిదే పైచేయి. కాని 59కి 84కు మధ్య ఉన్నది నిప్పుకు సంబంధించిన జ్ఞానం కాదు, ఖాళీ గడిని ఎలా చదవాలన్న నిర్ణయం. శిథిలమైన తాళపత్రంలో అక్షరాలు ఎగిరిపోయిన చోట పరిష్కర్త తన ఊహను పూరిస్తే దానిని కుండలీకరణాలలో చూపుతాడు. శాతాలకు కుండలీకరణాలు ఉండవు. ఒక వ్యాసం నుండి మరొక వ్యాసానికి, ఆ వ్యాసం నుండి పాఠ్యపుస్తకానికి వెళ్లేటప్పుడు 84 మాత్రమే ప్రయాణం చేస్తుంది.

పద్దుల పేర్లు కూడా స్థిరం కావు. తరువాతి కూర్పులో ‘పిల్లలు’ అన్న పద్దు ‘మైనరు చేసిన నిప్పు దుర్వినియోగం’ అయింది. ‘విడిది మంటలు’ స్థానంలో ‘వినోదం, వేడుకలు’ వచ్చింది. నిప్పు అదే, కాలిన గడ్డి అదే, పాఠం మారింది. మొదటి పేరు ఎవరు అన్నది చెబుతుంది, రెండవది ఏం నేరం అన్నది. ఈ పాఠాంతరం మీద దృష్టి పెట్టిన విశ్లేషణ నా కంట పడలేదు.

4. సంఖ్య వేరు, విధ్వంసం వేరు

ఈ దత్తాంశంలో 16,06,295 నిప్పులు, అంటే 85 శాతం, పది ఎకరాల లోపువి. 5,000 ఎకరాలు మించినవి 3,773 మాత్రమే, మొత్తంలో 0.2 శాతం. కాలిన విస్తీర్ణంలో అధిక భాగం ఆ కొద్ది నిప్పులది. కాబట్టి కార్చిచ్చులకు ప్రధాన కారణం ఏది అన్న ప్రశ్నకు నిప్పులను లెక్కిస్తే ఒక జవాబు, ఎకరాలను లెక్కిస్తే ఒక జవాబు, చనిపోయినవారిని లెక్కిస్తే మరొక జవాబు వస్తాయి.

మూడవ లెక్కకు ఉదాహరణ ఒకటి చాలు. విద్యుత్ తీగల పద్దులో ఉన్నవి 14,448 నిప్పులు, నూటికి ఒకటి కూడా కాదు. వరుసను పరిమాణ క్రమంలో అమర్చి కింది పద్దులను కత్తిరించి పటం గీసే విద్యార్థి మొదట తీసివేసే వాటిలో ఇది ఒకటి. 2018 నవంబరు 8న ఉత్తర కాలిఫోర్నియాలో మొదలైన ‘క్యాంప్ ఫైర్’ పారడైజ్ అన్న పట్టణాన్ని దాదాపు పూర్తిగా కాల్చివేసింది. 85 మంది మరణించారు. పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన, సుమారు నూరేళ్ల నాటి ప్రసార మార్గంలో తీగను పట్టి ఉంచే ఒక ఇనుప కొక్కెం అరిగి తెగిపోవడం దానికి మూలమని దర్యాప్తులో తేలింది. 2020లో ఆ సంస్థ 84 నరహత్య అభియోగాలలో నేరం అంగీకరించింది. ప్రసంగవశాన ఒక మాట: ఆ నిప్పుకు ఆ పేరు క్యాంప్ క్రీక్ అనే దారి వల్ల వచ్చింది, విడిది మంటల వల్ల కాదు. పేరును చూసి కారణాన్ని వర్గీకరించే యంత్రం దానిని ఏ పద్దులో వేస్తుందో ఊహించవచ్చు.

ఈ సంఘటనలో కారణం ఏది? కొక్కెమా, దానిని మార్చకుండా వదిలిన సంస్థ నిర్వహణా, ఆ ఉదయం వీచిన పొడి గాలా, శరత్తులో రావలసిన వర్షం రాకపోవడమా, అడవి అంచున పెరిగిన పట్టణమా? పట్టికలో ఒక గడి మాత్రమే ఉంది, అందులో ఒక మాటకే చోటు.

అడవిలో పేరుకుపోయిన ఇంధనానికి ఆ గడిలో అసలు పద్దే లేదు. 1935లో అమెరికా అటవీ సేవా సంస్థ ప్రతి నిప్పునూ కనుగొన్న మరునాటి ఉదయం 10 గంటలలోగా అదుపు చేయాలని నియమం పెట్టుకుంది. దశాబ్దాల పాటు చిన్న నిప్పులను ఆర్పినందువల్ల పశ్చిమ రాష్ట్రాలలోని అనేక అడవులలో ఎండు పదార్థం పోగుపడిందని నేడు విస్తృతంగా అంగీకరిస్తున్నారు. ఆర్పడం కూడా ఒక కారణమే. కాని ఆర్పే కార్యాలయం నింపే పత్రంలో ‘మేము గతంలో ఆర్పడం’ అన్న పద్దు ఉండదు. వాతావరణానికీ లేదు. 1984–2015 మధ్య పశ్చిమ అమెరికా అడవులలో మానవజనిత వాతావరణ మార్పు వల్ల అదనంగా 42 లక్షల హెక్టార్లు కాలాయని, దీనితో కాలిన మొత్తం విస్తీర్ణం అది లేకపోతే కాలి ఉండే దానికి దాదాపు రెట్టింపయిందని అబట్జొగ్లూ, విలియమ్స్ 2016లో అంచనా వేశారు. ఈ నిర్ణయానికి రావడానికి వారు కారణం వరుసను చూడలేదు. ఇంధనం ఎంత పొడిగా ఉందన్నది చూశారు. ‘ఎవరు అంటించారు’ అన్న ప్రశ్నను ‘అంటుకున్నది ఎందుకు అంతగా కాలింది’ అన్న ప్రశ్నగా మార్చుకోవడం ఆ వ్యాసంలోని అసలు విశేషం. 1944 నుండి స్మోకీ అన్న ఎలుగుబంటి బొమ్మతో సాగిన ప్రచారం కార్చిచ్చును వ్యక్తి అజాగ్రత్తగా అమెరికన్లకు నేర్పింది. పద్దుల జాబితా ఆ ప్రచారపు పదకోశంతోనే మాట్లాడుతున్నట్లు నాకు అనిపిస్తుంది.

5. యంత్రం నేర్చుకున్నది

ఈ దత్తాంశం క్యాగిల్ వేదిక మీదికి చేరిన తరువాత, పరిమాణం, స్థలం, తేదీ ఇస్తే కారణాన్ని ఊహించగలమా అన్న ప్రశ్న మెషీన్ లెర్నింగ్ అభ్యాసకులకు పరిచితమైన కసరత్తు అయింది. మన ఇంజినీరింగ్ కళాశాలల ప్రాజెక్టులలోనూ ఇటువంటివి కనిపిస్తాయి. కసరత్తుగా అభ్యంతరం లేదు. దాని ఫలితాన్ని కార్చిచ్చుల కారణాలను కనుగొనడంగా చెప్పుకోవడంలోనే చిక్కు ఉంది.

జూలై నెల, పశ్చిమ పర్వతాలు, మనుషులు లేని చోటు అనగానే పిడుగు అని చెప్పడం కష్టం కాదు. తక్కిన పద్దులలో యంత్రం ఏం నేర్చుకుంటుంది? జార్జియా రాష్ట్రం నుండి ఈ గ్రంథంలో 1,68,867 నిప్పులున్నాయి. కాలిఫోర్నియా నుండి 1,89,550. కార్చిచ్చులకు పేరుపడిన కాలిఫోర్నియాకు జార్జియా ఇంత దగ్గరగా రావడంలో ఆగ్నేయ రాష్ట్రాలలో చెత్త, పంట వ్యర్థాలు కాల్చే అలవాటుతో పాటు, చిన్న నిప్పులను కూడా శ్రద్ధగా నమోదు చేసే రాష్ట్ర కార్యాలయాల అలవాటుకూ పాత్ర ఉంది. స్థలాన్ని చూసి ‘చెత్త తగలబెట్టడం’ అని సరిగా ఊహించిన యంత్రం నిప్పు స్వభావాన్ని గ్రహించిందో, నివేదిక రాసిన కార్యాలయపు వాడుకను గ్రహించిందో తేల్చే మార్గం ఆ కసరత్తులో లేదు. నివేదించిన సంస్థ పేరును కూడా యంత్రానికి అందిస్తే కచ్చితత్వం పెరుగుతుంది, జ్ఞానం తగ్గుతుంది. లేఖకుని చేతిరాతను గుర్తుపట్టి కవిని గుర్తుపట్టామనుకోవడం వంటిది ఇది.

మరొక ప్రసిద్ధ దత్తాంశం పోర్చుగల్‌లోని మాంటెజిన్యో సహజ ఉద్యానానిది. 2007లో కోర్టెజ్, మొరైస్ వినియోగించిన ఈ పట్టికలో 517 నిప్పులున్నాయి. వాటిలో 247కు కాలిన విస్తీర్ణం సున్నాగా నమోదైంది. ఉష్ణోగ్రత, తేమ, గాలి, వాన ఆధారంగా చిన్న నిప్పుల విస్తీర్ణాన్ని కొంతవరకు ఊహించవచ్చునని ఆ కర్తలు మితంగానే చెప్పారు. అందులో కారణం అన్న వరుసే లేదు. అయినా దాని మీద చేసిన ప్రాజెక్టులు ‘కార్చిచ్చుల కారణాల విశ్లేషణ’ అన్న శీర్షికతో వస్తే ఆశ్చర్యపడనక్కరలేని పరిస్థితి నేడున్నది. ఊహించడానికి ఉపకరించే గుణం, కారణం ఒకటి కావు.

6. ఉపాధి

ఈ తేడాను మన తర్కశాస్త్రం నిప్పు ఉదాహరణతోనే బోధించింది. అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ చదివిన వారికి కొండ మీద పొగను చూసి నిప్పును ఊహించడం తెలిసినదే. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. కాని నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందని తిరగవేస్తే చెల్లదు, కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. తడి కట్టె తోడైతేనే పొగ. కనబడకుండా సంబంధాన్ని నడిపించే ఆ తడి కట్టెకే నైయాయికులు ‘ఉపాధి’ అని పేరు పెట్టారు. ఆధునిక గణాంకశాస్త్రం రెండు విషయాల మధ్య నిలిచి మోసగించే మూడవ చలరాశి అని చెప్పే దానికి ఇంతకంటే తగిన తెలుగు మాట నాకు తోచదు. పారిభాషిక పదాల కోసం వెదుక్కునే అనువాదకులు దీనిని పరిశీలించవచ్చు.

కారణాన్ని సమవాయి, అసమవాయి, నిమిత్తాలుగా విభజించిన సంప్రదాయం కూడా ఇక్కడ ఉపకరిస్తుంది. కుండకు మట్టి ఒక విధమైన కారణం, కుమ్మరి మరొక విధమైన కారణం. దానిని కార్చిచ్చుకు అక్షరాలా అన్వయించనవసరం లేదు. పద్దుల పట్టికకు తెలిసినది నిమిత్త కారణం ఒక్కటేనని, ఎండుటాకు, గడ్డి, గాలి, గత కాలపు పాలన ఇవేవీ ఆ గడిలోకి రావని చెప్పడానికి ఆ విభజన చాలు.

7. మన అడవులు

భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుండి ఉపగ్రహ సమాచారంతో నిప్పుల సూచనలు పంపుతోంది. మొదట మోడిస్ సాధనం, ఒక కిలోమీటరు పిక్సెల్. తరువాత విర్స్ సాధనం చేరింది, దాని పిక్సెల్ 375 మీటర్లు. సన్నని జల్లెడలో ఎక్కువ నిప్పులు పడతాయి. రెండు సాధనాల సంఖ్యలను ఒకే వరుసలో పెట్టి కార్చిచ్చులు పెరిగాయని రాస్తే పెరిగినది ఏమిటో తెలియదు. ఆ సంస్థ 2023 నివేదిక ప్రకారం 2021–22 నిప్పుల కాలంలో 2,23,333, 2022–23లో 2,12,249, 2023–24లో 2,03,544 సూచనలు నమోదయ్యాయి. చివరి కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో 18 వేలకు, తెలంగాణలో 13 వేలకు పైగా ఉన్నాయి. ఇవి వేడి పిక్సెళ్ల లెక్కలు, నిప్పుల లెక్కలు కావు. ఒక పెద్ద నిప్పు అనేక పిక్సెళ్లుగా కనిపించవచ్చు. ఉపగ్రహం దాటిపోయిన తరువాత పుట్టి మరోసారి వచ్చేలోగా ఆరిన నేల మంట అసలు కనిపించకపోవచ్చు.

ఈ పిక్సెళ్లలో కారణం లేదు. అప్పుడు విశ్లేషకుడు చేసేది, వాటిని దారులు, ఊళ్లు, సాగు భూముల పటాలతో కలిపి దూరం కొలవడం. ఊరికి దగ్గరగా నిప్పులు ఎక్కువగా ఉంటే మనుషులే కారణమని, ఆ మనుషులు తునికాకు చిగుళ్ల కోసమో, ఇప్పచెట్టు కింద పువ్వు ఏరుకోవడానికో, పశువుల గడ్డి కోసమో, పోడు కోసమో నిప్పు పెట్టారని తీర్మానం. తీర్మానంలోని రెండవ సగం దత్తాంశం నుండి రాలేదు, పాత నివేదికల నుండి వచ్చింది. ఇక్కడ ఉపాధులు అనేకం. ఊరి అంచున అడవి పలుచబడి ఎండ నేల మీద పడి గడ్డి ఎక్కువగా పెరుగుతుంది. దారి దగ్గర వాహనాలు, యాత్రికులు, గుత్తేదారుల కూలీలు, విద్యుత్ తీగలు ఉంటాయి. పలుచని చెట్ల కింది మంట దట్టమైన చెట్ల కింది మంట కంటే ఉపగ్రహానికి సులభంగా కనిపిస్తుంది. ఈ మూడూ ‘ఊరికి దగ్గర’ అన్న ఒక్క కొలతలో కలిసిపోయి గ్రామస్థుని పేరుతో బయటికి వస్తాయి.

అలవాటుగా నిప్పు పెట్టడం లేదని నేను వాదించడం లేదు. ఇప్పపువ్వు కాలంలో చెట్టు కింద ఆకులు కాల్చడం అందరికీ తెలిసినదే, అది అదుపు తప్పడమూ తెలిసినదే. వాదం అంతా ఆ చర్యల వాటా ఎంత అన్నదానికి పిక్సెల్ నుండి దూరం కొలిచి సమాధానం చెప్పలేమన్నది. ఇది పద్ధతికి మాత్రమే సంబంధించిన పట్టింపు కాదు. 1927 భారత అటవీ చట్టం 26వ సెక్షన్ కింద రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టంలోనూ అటువంటి నిషేధం ఉంది. నల్లమలలో చెంచు గూడెం చుట్టూ ఎర్రచుక్కలు గుమిగూడిన పటం విశ్వవిద్యాలయ ముద్రతో వెలువడితే అది సిద్ధాంత గ్రంథంలో పటంగానే ఉండిపోదు. అటవీ సిబ్బందికి, పాలనాధికారికి, పత్రికకు అది సాక్ష్యంగా అందుతుంది. అమెరికా పట్టికలో కనీసం నివేదిక రాసిన వ్యక్తి ఆ నిప్పు దగ్గరకు వెళ్లి ఉండే అవకాశమైనా ఉంది. ఇక్కడ నిందకు ఆ మాత్రపు ఆధారం కూడా ఉండదు.

చేయదగిన పని పెద్దది కానక్కరలేదు. ఒక్క రేంజిని, ఒక్క వేసవిని తీసుకొని, ఉపగ్రహ సూచనలను బీట్ స్థాయి నివేదికలతో ఒక్కొక్కటిగా పోల్చి, ఏది ఎక్కడ తప్పిపోయిందో రాసి ఉంచవచ్చు. విర్స్ సాధనం మధ్యాహ్నం 1.30, రాత్రి 1.30 ప్రాంతాలలో దాటుతుంది. రాత్రి సూచనలను విడదీసి చూస్తే పగటి పనులతో ముడిపడిన నిప్పుల గురించి కొంత తెలుస్తుంది. కారణం రాసే చోట ‘తెలియదు’ అని రాసే స్వేచ్ఛ బీట్ అధికారికి ఉన్నదా, పై అధికారులు ఆ మాటను అంగీకరిస్తారా అన్నది అడిగి తెలుసుకోవచ్చు.

మరొకటి తెలుగు, భాషాశాస్త్ర శాఖలు చేయవలసినది. పువ్వు కోసం ఆకులు కాల్చడం, పోడు కాల్చడం, దారి వెంట గడ్డి కాల్చడం, చేయి జారి పాకిన మంట, ఎవరు పెట్టారో తెలియని మంట ఇవన్నీ పట్టికలో ‘మానవ కారణం’ అన్న ఒకే మాట అయ్యాయి. చెంచుల తెలుగులో, కోయలో, గోండిలో వీటిని ఒకే మాటతో పిలుస్తారా, వేర్వేరు మాటలతోనా అన్నది సేకరించి అకారాదిగా పేర్చితే, తరువాత వచ్చే దత్తాంశానికి ‘కారణం’ గడిలో ఎన్ని పద్దులు ఉండాలో ఆ జాబితా నుండే తెలుస్తుంది.